క్వారీ గుంతలో సముద్రం

మొన్న కొత్తగూడ ఫ్లైఓవర్ కింద మా ఆటో ఆగిపోయినప్పుడు, ఎదురుగా ఓ సినిమా హోర్డింగు మీద సముద్రంలోంచి లేస్తున్న రాకాసి జంతువు కనిపించింది. ఒంటిమీద నీటిబొట్లతో సహా నిజమైనదిలాగే ఉంది. నా కళ్లు మాత్రం దాని వీపు మీద కుట్లు ఎక్కడున్నాయా అని వెతికాయి, ఎందుకంటే నా పెళ్లికి ముందు అలాంటి రాకాసి వేషమొకటి నేనే కుట్టాను.

అప్పట్లో బాలానగర్‌లో అక్కావాళ్లింట్లో ఉండి మిషను కుట్టేదాన్ని. మా బావ సోఫాలకు స్పాంజి కోసే షెడ్డులో పనిచేసేవాడు. రాజమండ్రి వైపు నుంచి వచ్చిన ఓ డైరెక్టరుగారు స్పాంజి కోసం ఆ షెడ్డుకు వచ్చి, ఆకాశం నుంచి రాలిన ఉల్క వల్ల సముద్రంలో పుట్టుకొచ్చిన రాక్షసుల కథంతా చెప్పి, చివరికి మా బావ భుజాలు చూసి, రాక్షసుడి వేషం కూడా ఆయన్నే వేయమన్నారు. కథలో రాక్షసులు చాలామంది, వేషం మాత్రం ఒక్కటే. తోక తీసి, కొమ్ము అతికించి, రంగు మార్చి దాన్నే వాడారు. స్పాంజి మీద ఆకుపచ్చ రెగ్జిన్ పొలుసులు కుట్టి కుట్టి నా వేళ్లు వాచిపోయాయి.

సముద్రం దాకా వెళ్లే స్తోమత వాళ్లకు లేదు. కొండాపూర్ అవతల, బండరాళ్లూ సీతాఫలం పొదలూ తప్ప మరేమీ లేని చోట, రాళ్లు కొట్టి వదిలేసిన క్వారీ గుంతలో వాననీళ్లు నిలిచి ఉంటే, దాన్నే సముద్రమన్నారు. వేషం చిరిగితే కుట్టడానికి నేనూ, నాకు తోడుగా అక్కా వెళ్లాం.

"నడుం లోతేనండి, ఏం ఫర్వాలేదు," అన్నారు డైరెక్టరుగారు.

లోతు అంతే. కానీ నీళ్లు తాగిన స్పాంజి మనిషిని లేవనీయనంత బరువెక్కుతుందని ఎవరమూ అనుకోలేదు. మునిగిన బావ పైకి లేచి గర్జించాలి, లేవలేదు. చేతులు కొట్టుకుంటుంటే బాగా నటిస్తున్నాడనుకుని కెమెరా తిప్పుతూనే ఉన్నారు.

"ఆపుండ్రి, ఆయన మునుగుతుండు," అంటూ అక్క చీరతోనే నీళ్లలోకి దిగిపోయింది. వెనకే కత్తెర పట్టుకుని నేను, నా వెనక హీరోయిన్ వేషం వేసిన అమ్మాయి. ముగ్గురం కలిసి గట్టుకు ఈడ్చాక, నేను వేసిన కుట్లన్నీ నేనే చీల్చి ఆయన్ని బయటికి లాగాను. చాలాసేపు దగ్గి, బావ అన్న మొదటి మాట, "మంచిగ వచ్చిందా?"

సినిమా కొన్నాళ్లే ఆడింది. అక్కా, బావా, నేనూ మ్యాట్నీకి వెళ్లాం. క్వారీలో తీసిన ఆ ముక్కను డైరెక్టరుగారు రాక్షసుడి చావుగా పెట్టేశారు. అది చూసి హాలంతా పకపకా నవ్వింది, బావ కూడా నవ్వాడు. అక్క మాత్రం ముందు సీట్లో ఉన్న అతని భుజం తట్టి, మెల్లగా, "నవ్వకు తమ్మీ, లోపల మనిషి ఉన్నడు," అంది. అతను వెనక్కి తిరిగి ఆమె ముఖం చూశాడు. మళ్లీ నవ్వలేదు.

ఆ గుంత పూడ్చి అద్దాల మేడ కట్టారు. ఇప్పుడు రాక్షసులు కంప్యూటర్లలో పుడుతున్నారు, ఊపిరాడక ఎవరూ కొట్టుకోనక్కరలేదు. అది మంచిదే, నేను కాదనను. బావ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పటి పిల్లలు తిన్నా, నవ్వినా, నడిచినా అన్నీ ఫోన్లలో పట్టి దాచుకుంటున్నారు. మా బావ ఫోటోలు రెండు మూడు ఇంట్లో ఉన్నాయి గానీ, ఆయన కదిలే బొమ్మ మాత్రం ఎవరి దగ్గరా ప్రింటు మిగలని ఆ ఒక్క సినిమాలోనే ఉంది, అదీ ముఖం కనపడకుండా.