ఓబుళమ్మ పప్పులో పార్స్లీ

2022లో నేను హిందూపురంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో గుండె విభాగం స్టాఫ్ నర్సును. ఆపరేషన్ చేసి గుండెలో లోహపు వాల్వు పెట్టినవాళ్ళు పెనుకొండ, అగళి, ధర్మవరం వైపుల నుంచి నెలనెలా వచ్చేవాళ్ళు. వాల్వు మీద రక్తం గడ్డకట్టకుండా వాళ్ళు జీవితాంతం వార్ఫరిన్ మాత్ర మింగాలి. మాత్ర సరిగ్గా పనిచేస్తోందా లేదా అని చెప్పే పరీక్ష ఐఎన్ఆర్. ఓబుళమ్మకు ఆ అంకె రెండున్నరకు, మూడున్నరకు మధ్య ఉండాలి. తగ్గితే గడ్డ, మితిమీరితే రక్తస్రావం.

ఓబుళమ్మది పెనుకొండ పక్క పల్లె. నలభై కూడా నిండలేదు. ప్లాస్టిక్ పందిరి కింద ఆకుకూరలు పెంచే పాలీహౌస్ తోటలో కూలికి పోతుంది. ఆ రోజు పొద్దున ఆమె రిపోర్టు చూడగానే నాకు ఒళ్ళు మండింది. ఒకటి పాయింట్ రెండు.

"మాత్రలు మానేసినావు కదా?" అన్నాను.

"లేదు మేడమ్. దినామూ మింగుతాండా."

"నా దగ్గర అబద్ధాలు చెప్పొద్దు. అంకె ఈడ కనపడతాండాది."

ఆమె సంచిలోంచి ఖాళీ మాత్రల అట్టలు తీసి బల్ల మీద పెట్టింది. మాత్రలు పారేసినా అట్టలు ఖాళీ అవుతాయిలే అన్నాను. వరుసలో కూర్చున్నవాళ్ళంతా విన్నారు. నా నోరు మంచిది కాదని మా ఇంట్లోవాళ్ళే అంటారు, ఆ రోజు మరీ హద్దు దాటింది. ఓబుళమ్మ తల వంచుకుంది. పక్కనున్న ఆమె భర్త నారాయణప్ప గొంతు సవరించుకున్నాడు.

"మేడమ్, ఈమె పక్కన పండుకుంటే గడియారం మాదిరి టిక్కుటిక్కుమని ఇనపడేది. నాలుగు దినాల్నుంచి ఇనపడలేదు."

లోహపు వాల్వు గుండె కొట్టుకున్న ప్రతిసారీ టిక్కుమనాలి. స్టెతస్కోపు పెట్టి విన్నాను. శబ్దం మొద్దుబారి ఉంది. ఆమె రెండు మాటలకొకసారి ఆగి ఊపిరి తీసుకుంటోందనీ, కాళ్ళు వాచాయనీ అప్పుడు గమనించాను. అరవడం మానేసి ముందే ఆమె వైపు చూసి ఉండాల్సింది.

డాక్టరుగారు వెంటనే ఎకో తీశారు. గుండె కదలికను తెర మీద చూపించే పరీక్ష అది. వాల్వుకున్న రెండు రేకుల్లో ఒకటి కదలడం లేదు, దాని మీద గడ్డ ఉంది. అది ఊడి మెదడుకు పోతే పక్షవాతం, రెండో రేకూ బిగుసుకుంటే ప్రాణమే పోతుంది. గడ్డ పెరగకుండా హెపారిన్ డ్రిప్ ఎక్కించి, బెంగళూరుకు పంపడానికి అంబులెన్సు పిలిచాం. డాక్టరుగారు అక్కడి ఆసుపత్రికి ఉత్తరం రాస్తూ, నేను చెప్పిన మాట మీదే "రోగి మాత్రలు వేసుకోలేదు" అని రాశారు.

నారాయణప్ప క్యారియర్ పట్టుకొని తచ్చాడుతున్నాడు. "ఆస్పత్రిలో ఈమెకు ఇదే పెట్టొచ్చునా మేడమ్?" అని అడిగాడు. మూత తీశాను. సంగటి, దాని మీద ముదురాకుపచ్చ పప్పు. కొత్తిమీరలాగే ఉంది కానీ వాసన వేరు.

"ఏం ఆకు ఇది?"

మంచం మీద నుంచి ఓబుళమ్మ చెప్పింది. "తోటలో పార్స్లీ మేడమ్. బెంగళూరు హోటళ్ళకు పోతాది. మిగిలిన కట్టలు మాకిస్తారు. శానా బలమంట, అరుగుదలకు మంచిదంట, ఆ దేశాల్లో అనాదిగా తింటారంట, ఓనరు చెప్పినాడు."

"ఎన్ని దినాల్నుంచి?"

"నెల దాటింది. దినామూ పప్పో, రోట్లో నూరిన ఊరిబిండో. తినగూడదని నువ్వు రాసిచ్చిన కాగితంలో ఈ ఆకు లేదు కదా మేడమ్. పాలకూర, తోటకూర, మెంతికూర మూడేండ్లుగా ముట్టలేదు. ఆకు లేకుండా సంగటి యాడ దిగుతాది? ఇది దొరికితే పానం లేచొచ్చినట్లాయ."

ఆ కాగితం రాసింది నేనే. ఓనరు చెప్పినదీ అబద్ధం కాదు. మధ్యధరా సముద్రం చుట్టుపక్కల దేశాల్లో పార్స్లీని వంట మీద చల్లుతారు, అరుగుదలకనీ నోటి వాసనకనీ నములుతారు. అందులో విటమిన్ సి ఉంది, ఎముకలకు మేలు చేసే విటమిన్ కె మరీ ఎక్కువ. ఆ కె ఒంట్లో పెరిగితే వార్ఫరిన్ పని తగ్గిపోతుంది. వాళ్ళు చిటికెడు చల్లుకునే ఆకును మనవాళ్ళు అలవాటు ప్రకారం కట్టలకు కట్టలు పప్పులో వేసి ఉడికించారు.

పరుగెత్తి డాక్టరుగారికి చెప్పాను. ఆ ఉత్తరం అలాగే పోయి, మానేసిందనుకొని పాత మోతాదే ఇచ్చి పంపితే, ఆమె ఇంటికొచ్చి మళ్ళీ అదే పప్పు తినేది. ఆయన ఆ వాక్యం కొట్టేసి పార్స్లీ సంగతి రాశారు. అంబులెన్సు వెళ్ళాక మూడు రోజులు నాకు అన్నం సయించలేదు. నాలుగో రోజు నారాయణప్ప ఫోన్ చేసి, మళ్ళీ ఆపరేషన్ లేకుండా మందుతోనే గడ్డ కరిగిందని చెప్పాడు.

నెల తర్వాత ఓబుళమ్మ వచ్చింది. ఆకుకూర పూర్తిగా మానక్కర్లేదనీ, ఏ ఆకైనా మమ్మల్ని అడిగి, వారం వారం ఒకే కొలతలో కొంచెం తినాలనీ చెప్పాను. తర్వాత, "పదిమందిలో తిట్టినాను, తప్పు నాదే" అన్నాను.

"తిట్టినందుకు కాదు మేడమ్," అంది. "మింగినానని చెప్తే నమ్మలేదే, అందుకు ఏడ్చినా."

ఇప్పుడు అంకె ఎంత చెడ్డగా ఉన్నా ముందు నిన్న ఏం వండావని అడుగుతాను. వాళ్ళు చెప్పడం పూర్తయ్యేదాకా రిపోర్టు బోర్లా పెట్టి ఉంచుతాను.