రెండేళ్ళ చేప

మిర్యాలగూడ నుంచి సూర్యాపేటకు పోయే తోవలో, పెన్‌పహాడ్‌కు కొంచెం ఇవతల మా ఊరు. ఊరికి ఉత్తరాన పెద్ద చెరువు. చేపలు పట్టుకు బతికే మా ఇళ్ళకు ఆ చెరువే పొలం. వానాకాలమంతా చేపను పెరగనిచ్చి, ఎండలు ముదిరి నీళ్ళు నడుము లోతుకు దిగినప్పుడు అందరం కలిసి పెద్ద వల వేసేవాళ్ళం. లాగడానికి ఇంటికొక మగమనిషి రావాలి. పడ్డ చేపను సమంగా కుప్పలు పోసేవారు. మనిషి రాని ఇంటికి కుప్ప లేదు.

గొడవల ఏడాది ఆ వల నీళ్ళలో పడలేదు. ఊళ్ళ మీద దాడులు ఎక్కువయ్యాక, చలికాలం చివర్లో, సగం ఊరు బండ్లు కట్టుకుని కోదాడ దాటి సరిహద్దు అవతలికి పోయింది. నేను, నా భర్త, మా అత్త కూడా పోయాం. పెళ్ళయి నాలుగేళ్ళు, పిల్లలు లేరు. అక్కడ ఒక ఊరి బయట తాటాకు పాకల్లో ఉన్నాం. వానలు పడగానే కలరా గత్తర వచ్చింది. పొద్దున నాట్లకు పోయిన నా భర్త మధ్యాహ్నానికి తిరిగొచ్చి పడుకున్నాడు. దీపాల వేళకు లేడు. ఆ రోజు మా వాళ్ళే ఇంకో నలుగురు పోయారు. అందరినీ ఒకే చోట పూడ్చారు. ఆడవాళ్ళను రానివ్వలేదు. నేను పాక ముందు కూర్చుని అతను తిన్న గిన్నె కడిగాను. ఎండబెట్టి, మళ్ళీ తెచ్చి కడిగాను.

పోలీసు చర్య జరిగి, ఫౌజు వచ్చి గొడవ సద్దుమణిగాక ఊరికి తిరిగొచ్చాం. ఇంటి కప్పు కాలిపోయి ఉంది. పెద్ద వలను మా కులపెద్ద ఊరు విడిచే ముందే జొన్నల పాతరలో దాచాడట. ఎలకలు కొట్టిన చోటల్లా ఆడవాళ్ళం కూర్చుని అల్లాం. నా చేతులు ముడులు వేస్తూ పోయేవి. పక్కన వాళ్ళు ఏం మాట్లాడుకునేవారో ఒక్క ముక్క గుర్తు లేదు.

ఎండాకాలం వచ్చింది. వల వేసే ముందురోజు సాయంత్రం కులపెద్ద ఇంటింటికీ వచ్చి మనుషుల్ని లెక్క చూసుకుంటున్నాడు. మా వాకిట్లో ఆగాడు. మా అత్తే నోరు విప్పింది.

"మా ఇంట్లకెల్లి కోడలొస్తది."

"ఆడది వల గుంజుడు మన తాన ఎన్నడన్న ఉన్నదా, వదినా?"

"లేదు. మొగోడు లేని ఇల్లు గూడ మన వాడకట్టుల గిన్ని లేకుండె. ఇప్పుడున్నయి."

అతను తుండుగుడ్డతో మెడ తుడుచుకున్నాడు. "పొద్దుగాల్నే రమ్మను" అని పోయాడు.

నన్ను ఎవరూ అడగలేదు.

తెల్లారి చీర కచ్చ పోసుకుని నీళ్ళలోకి దిగాను. వల లాగే మోకు వెంట నా భర్త పట్టే చోటనే నన్ను నిలబెట్టారు. పక్కన అతని చిన్నాయన కొడుకు, నాకు మరిది వరస. "బురదల కాలు దిగవడితె గుంజకు, వదినె. జర నిలవడు. అదే ఇడుస్తది" అన్నాడు. అతను చెప్పినట్టే చేశాను. ఆగమంటే ఆగాను, లాగమంటే లాగాను.

సగం దూరం వచ్చేసరికి వల కదలనంది. అడుగున మొద్దేదో పట్టిందనుకున్నారు. ఇద్దరు మునిగి చూసి, పైకి లేచి నోట్లో నీళ్ళు ఉమ్మేసి, "మొద్దు గాదు, చేపనే" అన్నారు. ఒక ఏడాది ఎవరూ పట్టని చెరువు కదా, రెండేళ్ళ చేప పెరిగి ఉంది. గట్టు మీదున్న ముసలివాళ్ళు కూడా దిగి మోకు పట్టుకున్నారు. వల ఒడ్డుకు వచ్చాక చూస్తే బొచ్చెలు, రవ్వులు, చేయి చాచినంత పొడుగు వాలుగలు, ఒకదాని మీద ఒకటి. అంత చేప ఆ చెరువులో ఎవరూ ఎరుగరు. జనం నవ్వుతున్నారు. కులపెద్ద మాత్రం బురదలో చతికిలబడి ఏడుస్తున్నాడు. అతని కొడుకు కూడా ఆ పూడ్చిన ఐదుగురిలో ఒకడు.

నేను వాలుగ దవడలు తెరుచుకుని మూసుకోవడం చూస్తూ నిలబడ్డాను. సంతోషం లేదు, దుఃఖం లేదు. ఎండ మండుతోందని తెలుసు, అంతే.

మా కుప్ప గంపకెత్తుకుని ఇంటికొచ్చాక అత్త నా చేతులు చూసింది. మోకు ఒరిసి రెండు అరచేతులూ తోలు లేచిపోయి ఉన్నాయి. గంప అంచుకు నెత్తురు అంటింది. ఆమె నూనెలో పసుపు కలిపి రాసింది.

"నొస్తుందా?"

"తెలుస్తలేదత్తా."

ఆమె కాసేపు నా చేతులు పట్టుకునే ఉంది. "నాకు గూడ ఏం తెలుస్తలేదు, బిడ్డ. కొడుకు వోయిన కాన్నుంచి గిట్లనే ఉన్నది" అంది.

పది నెలల్లో ఆ సంగతి మేము మాట్లాడుకున్నది అదే మొదటిసారి. తర్వాత ఆమె లేచి చింతపండు నానేసి పులుసు పెట్టింది. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని తిన్నాం. ఉప్పు ఎక్కువైందని నాకు తెలిసింది. ఆమెకు చెప్పాను. "అవు, ఎక్కువనే అయింది" అంది.

ఆరు రోజులు వల వేశారు, ఆరు రోజులూ గుడ్డలు చుట్టుకుని లాగాను. మిగిలిన చేప ఎండబెట్టి మిర్యాలగూడ అంగడికి తీసుకుపోయాను. మా దగ్గర ఏటా కొనే ఒక ముసలామె బుట్ట ముందు కూర్చుని, "నువ్వొచ్చినవేంది? నీ పెనిమిటి ఏడి?" అని అడిగింది.

"వానలు పడ్డంక వస్తడు" అన్నాను.

ఎందుకలా అన్నానో ఇప్పటికీ చెప్పలేను. ఆమె సరేనని ఎండు పరిగె చేపలు ఏరుకుంది. మరుసటి ఎండాకాలం మోకు పట్టడానికి ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు దిగారు. కులపెద్ద ఎవరినీ ఏమీ అడగలేదు.