బండగూడెం ఆఖరి సర్పంచ్

బాలమ్మకు సంతకం వచ్చు, చదవడం రాదు. 2001లో బండగూడెం సర్పంచ్ పదవి ఆడవాళ్లకు వచ్చినప్పుడు ఊరంతా ఆమెనే నిలబెట్టింది. గెలిచాక నెల్లాళ్లు పలక పట్టుకుని తన పేరు రాయడం మాత్రం నేర్చుకుంది.

బండగూడెం మౌలాలి గుట్టకు అవతల ఉండేది. కంటోన్మెంటు బంగళాలకు రాయి కొట్టడానికి పాలమూరు నుంచి వచ్చినవాళ్లు క్వారీ పక్కన గుడిసెలు వేసుకుని అక్కడే ఉండిపోయారు. వాళ్లలో మొదట పోయిన మనిషిని పూడ్చిన చోటే ఊరి బొందలగడ్డ అయింది. పంచాయతీ ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు వచ్చింది. బాలమ్మ భర్త జంగయ్య సమాధి కూడా అక్కడే ఉంది.

2004లో ఊరిని మునిసిపాలిటీలో కలుపుతూ ఉత్తర్వు వచ్చింది. సోమవారం అప్పగింత. గురువారం పొద్దున పంచాయతీ కార్యదర్శి నరసరాజు నాలుగు కాగితాలు తెచ్చాడు. చూపించిన చోటల్లా బాలమ్మ సంతకం పెట్టి, ఎప్పటిలాగే ఆకుకూరల గంప ఎత్తుకుని మోండా మార్కెట్‌కు పోయింది.

అక్కడ పక్కన ఉల్లిగడ్డలమ్మే వీరయ్య అడిగాడు. అతనిదీ బండగూడెమే.

“సర్పంచమ్మా, బొందలగడ్డల ప్లాట్లు కొడ్తరట. నువ్వే సంతకం పెట్టినవంటున్నరు, నిజమేనా?”

తోటకూర కట్ట కడుతున్న చెయ్యి ఆగిపోయింది. తాను దేని మీద సంతకం పెట్టిందో ఆమెకు నిజంగానే తెలియదు. గంప వీరయ్యకు ఒప్పజెప్పి బస్సెక్కింది.

ఊళ్లో దిగి, తనకిచ్చిన నకలు కాగితాలు తీసుకుని నేరుగా కాంతమణి ఇంటికి వెళ్లింది. కాంతమణి ఊరి బళ్లో ఇరవై ఏళ్లు చదువు చెప్పి, రిటైరై మౌలాలి రైల్వే కాలనీలో ఉంటోంది.

“టీచరమ్మా, జెర చదువు. నేను ఊరిని అమ్మిన్నా ఏందీ?”

“ముందు కూర్చో బాలమ్మా. మంచినీళ్లు తాగు.”

కాంతమణి కళ్లజోడు పెట్టుకుని చదివింది. మునిసిపాలిటీకి అప్పగించే ఊరి ఆస్తుల జాబితా అది. పంచాయతీ ఆఫీసు, బడి, రెండు బోర్లు, నలభై రెండు వీధి దీపాలు. అంతే.

“అమ్మలేదు. కానీ ఊరి ఆస్తుల్లో బొందలగడ్డ పేరే లేదు. రేపు ఎవరైనా అది ఖాళీ జాగా అంటే కాదనడానికి కాగితం ఉండదు.”

శుక్రవారం ఇద్దరూ వెళ్లి నరసరాజును నిలదీశారు.

“రిజిస్టర్లో ఉన్నదే రాశానమ్మా. లేనిది ఎలా రాయను?” అన్నాడతను. అతని గొంతులోనూ భయం ఉంది. బీరువా తాళం తీసి పాత తీర్మానాల పుస్తకాలన్నీ వాళ్ల ముందు పెట్టాడు.

కాంతమణి ఒక్కో పేజీ చదువుతుంటే బాలమ్మ ఆమె ముఖమే చూస్తూ కూర్చుంది. శనివారం మధ్యాహ్నానికి 1964 పుస్తకంలో దొరికింది: ‘ఊరి శ్మశానము చుట్టూ గ్రామస్థులు శ్రమదానముతో రాతి గోడ కట్టుటకు తీర్మానించడమైనది.’

బాలమ్మ కొంగుతో ముఖం కప్పుకుని ఏడ్చింది.

ఆదివారం డప్పు చాటింపు వేయించి గ్రామసభ పెట్టింది. బొందలగడ్డను జాబితాలో చేర్చాలని తీర్మానం రాసి, డెబ్బై మంది సంతకాలో వేలిముద్రలో వేశారు.

సోమవారం పంచాయతీ ఆఫీసుకు వచ్చిన మునిసిపాలిటీ అధికారి ఆ కాగితం వైపు చూడనైనా లేదు. “జాబితా మీద మీరే సంతకం చేశారు కదా?”

“చేసిన సారూ. తెల్వక చేసిన. ఇప్పుడు తెలిసి ఇంకోటి చేస్త. ఇది తీస్కునేదాంక ఆఫీసు తాళంచెవులియ్య.”

గంటసేపు ఆఫీసు గడప మీద కూర్చుంది. చివరికి ఆయన 1964 తీర్మానం చదివి, రెండు తీర్మానాలూ జాబితాకు జతచేసి ముద్ర వేశాడు. బాలమ్మ తాళంచెవులు ఇచ్చింది. ఆ నిమిషంతో పంచాయతీ లేదు, సర్పంచ్ లేదు.

భయం మాత్రం తీరలేదు. ఏడెనిమిది నెలలు రోజూ మార్కెట్‌కు పోయే ముందు బొందలగడ్డ చుట్టూ తిరిగి, కొత్తగా ఎవరైనా హద్దురాళ్లు పాతారేమోనని చూసుకునేది. ఒకనాడు తూర్పువైపు గోడ కూల్చారు. రోడ్డు వెడల్పుకు ఆ అంచు పోయింది. మూడు సమాధులు లోపలికి జరిపారు. మిగతా చోటుకు మునిసిపాలిటీ కంచె వేసింది.

మరుసటేడు వీరయ్య తల్లి పోయింది. ఏ ఆఫీసువాడైనా వచ్చి ఆపుతాడేమోనని గొయ్యి తవ్వుతున్నంతసేపూ బాలమ్మ రోడ్డువైపే చూస్తూ నిలబడింది. ఎవరూ రాలేదు. అందరితో పాటు ఆమె కూడా పిడికెడు మట్టి వేసింది.