సుంగై పెటాని పొగగదిలో బ్రిస్కెట్

మలేషియాలోని ఇపోలో నా తిండికొట్టుకి వచ్చి బ్రిస్కెట్ తిన్నవాళ్ళెవరూ రెండోసారి రావడం లేదు. ఊళ్ళో అందరూ గొడ్డుమాంసంతో చేస్తారు. అది మా ఇంటా వంటా లేదు కనుక నేను పొట్టేలు ఛాతీ మాంసం పొగలో కాలుస్తాను. నాది చెప్పు అట్టలా వస్తుంది. అదే మాంసం మా అప్పాయమ్మత్త చేస్తే వేలు తగిలితే విడిపోతుంది.

అత్త సుంగై పెటాని అవతల పాత రబ్బరు ఎస్టేటులో ఒంటరిగా ఉంటోంది. ఎస్టేటు అమ్ముడుపోయింది, వచ్చే వారం ఇళ్ళు కూలగొడతారు. అత్తని తెచ్చుకుంటే ఆవిడకి నీడ, నా కొట్టుకి ప్రాణం. తిరుగు ప్రయాణానికి రెండు టికెట్లు ముందే తీసి, పొద్దున్నే రైలెక్కాను. ఎస్టేటు పేరు చెప్పగానే పక్క సీటాయన, "అక్కడ రబ్బరు ఆగిపోయి ఏళ్ళయింది. పొగ మాత్రం ఆగలేదు," అని అటు తిరిగి పడుకున్నాడు.

స్టేషన్ ఎదుట రోటీ చనాయ్ తిని, కారు మాట్లాడుకుని పదకొండు దాటాక చేరాను. వరస ఇళ్ళన్నీ ఖాళీ. అత్త అరుగు మీద కూర్చుంది, ఎదురుగా పొగగది. పొద్దున్నే మాంసం అందులో పెట్టేసిందట. ఒకప్పుడు అందులో రబ్బరు షీట్లు ఆరబెట్టేవారు. నిప్పు చూసేది మావ. ఆ పొగకే దగ్గి దగ్గి పోయాడు, నా చిన్నప్పుడు.

నాతో వచ్చెయ్యమన్నాను. "నాను రాను లా," అంది అత్త, ఇక్కడందరిలాగే మాట చివర "లా" తగిలించి. "నిప్పు మీ మావ సూసుకుంటాడు. ఆయన్ని ఒగ్గేసి ఎలాగొస్తాను?"

మాట మార్చాను. "నా మాంసం ఎందుకు గట్టిపడతాది అత్తా?"

"నువ్వు గడియకోసారి తలుపు తీస్తావు. కొవ్వు పైకెట్టాల. రబ్బరు కట్టె, సన్న సెగ. తలుపు ముట్టుకోకూడదు. అయిందా అని అడగాల."

ఎవర్ని అడగాలో నేను అడగలేదు.

మధ్యాహ్నమంతా ఇద్దరం అరుగు దిగలేదు. పొగ తగ్గలేదు. గోడవారన పేర్చిన కట్టెలు మాత్రం కాఫీ తాగి తలెత్తేసరికి సగమయ్యాయి. నాకు నిజంగా భయం వేసింది.

సాయంత్రం అత్త తలుపు తట్టింది. "అయిందా?"

లోపల ఎవరో దగ్గారు.

అత్త నావైపు చూసింది, తలుపువైపు చూసింది. చివరికి, "ఇల్లు పడగొట్టేస్తన్నారు. ఈడు టికెట్లు తీసినాడు. నువ్వూ లెగు, ఎల్దాం," అని తలుపు బార్లా తీసింది. లోపల మాంసం తప్ప ఎవరూ లేరు. నిప్పు ఒక్కసారిగా చల్లారింది. ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. ఎంత బాగుందో అంత దడ పుట్టింది.

రైల్లో అత్త నన్ను తన పక్కన కూర్చోనివ్వలేదు. "మావకి సోటుండాల, అటు కూకో." నడవా అవతల ఖాళీ సీట్లో కూర్చున్నాను. తర్వాతి స్టేషన్లో ఒక చైనీస్ ఆవిడ ఎక్కింది. నేను కూర్చున్నది ఆవిడ సీటు.

"నాది అదండీ, అక్కడ కూర్చోండి," అని అత్త పక్క చోటు చూపించాను.

ఆవిడ అటు చూసి తల అడ్డంగా ఊపింది. "అక్కడ అంకుల్ ఉన్నారు కదా!"

ఇపో దాకా నిలబడే వచ్చాను. ఇలాంటి అత్తని తెచ్చుకోవడానికి వెళ్ళేవాళ్ళు మూడు టికెట్లు తీసుకోండి. దిగబోతుంటే, కొట్టు వెనక కొత్త పొగగది కట్టిస్తానని అత్తకి చెప్పాను.

"కట్టించు," అంది. "గొళ్ళెం బయట ఎట్టకు లా. లోపలెట్టించు."