బెల్లంపల్లి దారిలో స్టాపర్ పంచాయితీ

కరీంనగర్ నుంచి బెల్లంపల్లికి ఫుట్‌బాల్ పందెం చూడటానికి వెళ్లదలచినవారికి నా మొదటి సలహా ఒక్కటే. ఒంటరిగా వెళ్లండి. కిటికీ పక్కన సీటు చూసుకుని, పెద్దపల్లి దాటాక రెండు పక్కలా పొట్ట మీదున్న వరిచేలు చూస్తూ హాయిగా పోండి. పొరపాటున కూడా మా క్లబ్బు అభిమానులతో కలిసి వెళ్లకండి. నేను వెళ్లాను. వెళ్లివచ్చి ఇన్నాళ్లయినా తలచుకుంటే ఒళ్లు మండుతూనే ఉంది.

ఈ ప్రయాణానికి కారణం మా స్టాపర్ రాజలింగు. స్టాపర్ అంటే గోలు ముందు నడిమధ్య నిలబడి, ఎదుటి ఫార్వర్డును లోపలికి రానివ్వని ఆటగాడు. రాజలింగుకు ఇరవై మూడేళ్లు. పద్మశాలీల పిల్లవాడు. ఇంట్లో తండ్రి జబ్బుపడి మగ్గం ఆగిపోయి ఏడాదయింది. బియ్యం మిల్లులో బస్తాలు మోసి ఇల్లు నడుపుతున్నాడు. బెల్లంపల్లి గనుల జట్టుకు ఆ ఏడు మంచి స్టాపర్ లేడు. ఆ జట్టు చూసుకునే ఆఫీసరు మాకు కబురు పంపాడు: ఆదివారం మీతో ఆడే పందెంలో రాజలింగు ఆట చూస్తాం, నచ్చితే గనిలో ఉద్యోగం ఇచ్చి మా జట్టులోకి తీసుకుంటాం అని. నెలనెలా జీతం, ఉండటానికి క్వార్టరు. బట్టల దుకాణంలో గుమాస్తాగా బతుకుతున్న నాకు ఆ మాట విలువ బాగా తెలుసు. అందుకే సెలవు పెట్టి మరీ బయలుదేరాను.

పొద్దున ఏడింటి బస్సు ఏడున్నరకు కదిలింది. మా క్లబ్బు పెద్ద కిషన్‌రావు దొర బంతుల సంచిని తన పక్క సీటులో కూర్చోబెట్టుకున్నాడు. బంతులూ, జెర్సీలూ ఆయనవే. కాబట్టి క్లబ్బు కూడా తనదే అనుకుంటాడు. కండక్టరు వచ్చి సంచిని చూశాడు.

“దొరా, దీనికి టికెట్ లేదు. మీదికెక్కియ్యుర్రి. గా ముసలామె నిలవడ్డది.”

దొర వినిపించుకోలేదు. ముసలామె పెద్దపల్లి దాకా నిలబడే వచ్చింది. నా సీటు ఇస్తే, “నీకెందుకు బిడ్డా, నీదేం తప్పుంది?” అని కూర్చోలేదు. ఆ రోజు నా కోపం అక్కడే మొదలైంది.

పెద్దపల్లి స్టేషనులో రైలు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. టికెట్ ఇచ్చే మనిషికి అసలే తెలియదు. టీ పేరు చెప్పి వేడినీళ్లు పోశారు. మిర్చీ బజ్జీలు మాత్రం బాగున్నాయి, ఆగేవాళ్లు అవి తినవచ్చు. రాజలింగు తన మూట విప్పి, తల్లి కట్టిచ్చిన జొన్నరొట్టెలో సగం నాకు పెట్టాడు. పైన ఉల్లిగడ్డ కారం.

“మా అవ్వ చేసింది సత్తన్నా. ఇయ్యాల్ల మొక్కి పంపింది. నౌకరొస్తే బాపు మందుల ఫికర్ ఉండదన్నది.”

తిన్నంతసేపూ కాళ్లు ఊపుతూనే ఉన్నాడు.

పదిన్నరకు ప్యాసింజరు వచ్చింది. మూడో తరగతి పెట్టెలో మేమంతా ఎక్కాక చూస్తే వెంకటి కూడా ఉన్నాడు. వెంకటి మా పాత స్టాపర్. నలభైకి దగ్గర పడ్డాడు. మోకాలు దెబ్బతిని ఐదేళ్ల కిందట ఆట మానేశాడు. ఇప్పుడు క్లాక్ టవర్ దగ్గర సైకిళ్లు అద్దెకిస్తాడు. పొట్ట కొంచెం ముందుకొచ్చింది. సొంత డబ్బుతో టికెట్ కొనుక్కుని, అందరిలాగే ఆట చూడటానికి వచ్చాడు.

ఇక్కడ మా క్లబ్బు ఆచారం ఒకటి చెప్పాలి. మాకు కోచ్ లేడు. ఎవరు ఆడాలో రైలులోనే తేల్చుకుంటాం. దాన్ని బండి పంచాయితీ అంటాం. సొంతంగా టికెట్ కొన్న ప్రతి అభిమానికీ చెయ్యెత్తే హక్కు ఉంటుంది. ఆటగాళ్ల టికెట్లు క్లబ్బు కొంటుంది కాబట్టి ఆటగాళ్లకు ఆ హక్కు లేదు. గోదావరి వంతెన వచ్చేలోగా తేలిపోవాలి. తేలాక మార్పు లేదు. ఈ దిక్కుమాలిన ఆచారం ఎవరు పెట్టారో వాళ్లు ఇప్పుడు నాకు ఎదురైతే బాగుండు.

రామగుండం దాకా మాటలు మామూలుగానే సాగాయి. ఎప్పటి గొడవే. ఎవరు గొప్ప స్టాపర్? నిజాం రోజుల్లో ఆడిన కాసీం భాయా, తర్వాతి వెంకటా, ఇప్పటి రాజలింగా? కాసీం తలతో కొడితే బంతి సగం మైదానం దాటేదని ఒకడు. వెంకటి కాలు పెడితే ఫార్వర్డు వెనక్కి తిరిగి చూడకుండా పోయేవాడని ఇంకొకడు. రాజలింగు ఎదురుగానే కూర్చున్నాడు. అతన్ని మాత్రం పురుగును చూసినట్టు చూస్తూ, పరుగు తప్ప ఏమీ లేదన్నారు.

“ఉరుకుడు గాదు ఆటంటే. నిలవడాలె,” అన్నాడు దొర. “వెంకటి గోడ లెక్క నిలవడేటోడు. కాసీం పట్నం పోయి పోలీసు జట్టుల కలిసి మనల్ని ముంచిండు. వెంకటి పోలే. ఊరి మనిషి. నేనొక మాటంట. ఇయ్యాల్ల వెంకటిని నిలవెడుదాం.”

పెట్టెలో ఒకరి తర్వాత ఒకరు, అవునవును, వెంకటే, వెంకటే అన్నారు. నాకు అప్పుడు అర్థమైంది. రాజలింగు ఆడకపోతే ఆఫీసరు చూడడు. చూడకపోతే ఉద్యోగం లేదు. ఉద్యోగం లేకపోతే మన స్టాపర్ మనకే ఉంటాడు, బస్తాలు మోసుకుంటూ. ఎవరు గొప్ప అన్న చర్చ అంతా దాని మీద కప్పిన దుప్పటి.

నేను లేచి నిలబడ్డాను.

“దొరా, గిది పంచాయితీ గాదు. గా పోరని నోటికాడి బుక్క గుంజుకునుడు.”

“కూసో సత్తయ్యా. ఊరి ఇజ్జత్ ముందు. నౌకరీ యాడికి పోతది, వచ్చే ఏడు చూద్దాం.”

“వచ్చే ఏడుదాంక వాళ్లింట్ల పొయ్యి నువ్వు ముట్టిస్తవా?”

దొర మొహం ఎర్రబడింది. మూలన బుట్ట పెట్టుకుని కూర్చున్న ఒకామె, మంచిర్యాల దిగేదట, చాలాసేపటినుంచి మమ్మల్ని చూస్తోంది.

“ఏందయ్యా, గా పోరడు గీడనే కూసున్నడు గద. వాన్నొక్కమాట అడుగరాదుండ్రి?”

దొర ఆమె మాట పట్టించుకోకుండా చేతులెత్తమన్నాడు. రాజలింగు తల వంచుకుని గోళ్లు గిల్లుకుంటున్నాడు.

చేతులు లేచాయి. రాజలింగుకు నాతో కలిపి నాలుగు చేతులు. మిగిలినవన్నీ వెంకటికి. వాళ్ల మీద కంటే వెంకటి మీద నాకు ఎక్కువ కోపం వచ్చింది. సొంత టికెట్ మనిషి కదా, అతనికీ హక్కు ఉంది. అతను రాజలింగు వైపు చూశాడు, కిటికీ వైపు చూశాడు, చివరికి తనకు తానే చెయ్యెత్తాడు. కళ్లు మాత్రం మెరుస్తున్నాయి. ఐదేళ్లుగా సైకిళ్లకు గాలి కొడుతున్నవాడికి మళ్లీ ఆట దొరికింది.

“బూట్లు తెచ్చుకోలే నేను,” అన్నాడు మెల్లగా.

“రాజలింగువి ఇస్తడు,” అన్నాడు దొర.

రాజలింగు సంచిలోంచి బూట్లు తీసి ఇచ్చాడు. వంతెన మీద రైలు చప్పుడు చేస్తుంటే ఎవరో నీళ్లలోకి పైసలు విసిరి దండం పెట్టారు. నాకు వాళ్లందరినీ అక్కడే తోసెయ్యాలనిపించింది.

బెల్లంపల్లిలో దిగేసరికి పన్నెండు దాటింది. స్టేషను నుంచి మైదానం దూరమేమీ కాదు, నడవవచ్చు. తెల్ల బట్టలు వేసుకుని వెళ్లకండి. గాలిలో బొగ్గు నుసి. పది అడుగులు వేసేలోగా చొక్కా కాలరు నల్లబడుతుంది. దారిలో ఒక హోటలులో అన్నం, పప్పు, చింతపండు పులుసు వేడివేడిగా పెట్టారు. బాగానే ఉంది గాని నాకు దిగలేదు. రాజలింగు ఆకు ముందు కూర్చుని నీళ్లు మాత్రం తాగాడు.

మూడున్నరకు ఆట మొదలైంది. మైదానం పక్కన టెంటు కింద ఆఫీసరు కుర్చీలో కూర్చున్నాడు. కోస్తా మనిషి, మాట మెత్తన. దొర ముందే వెళ్లి, రాజలింగుకు జ్వరం వచ్చి రాలేదని చెప్పివచ్చాడు. ఆ మాట నా చెవులతో విన్నాను, మైదానంలోకి దిగబోతున్న వెంకటి కూడా విన్నాడు. రాజలింగు అప్పుడు గీత అవతల అందరి బట్టల మూటలకు కాపలా కూర్చుని ఉన్నాడు.

న్యాయంగా చెప్పాలంటే సగం ఆట దాకా వెంకటి బాగానే నిలబడ్డాడు. ఎటు తన్నుతారో ముందే పసిగట్టి అక్కడ ఉండేవాడు. మావాళ్లు చప్పట్లు కొట్టి గొంతులు చించుకున్నారు. తర్వాత మోకాలు మొరాయించింది. గనుల జట్టులో ఒక పొట్టి ఫార్వర్డు ఉన్నాడు. వెంకటి తిరిగేలోగా వాడు అవతల ఉండేవాడు. ఒక గోలు కొట్టాడు. కాసేపటికి ఇంకొకటి కొట్టాడు. ఆట మొదలయ్యాక మనిషిని మార్చే వీలు లేదు. వెంకటి కుంటుతూ, చేతులు నడుముకు పెట్టుకుని చివరిదాకా మైదానంలోనే ఉన్నాడు. రెండు గోల్స్ తేడాతో ఓడిపోయాం.

ఈల ఊదగానే మావాళ్లు తిట్లు లంకించుకున్నారు. వెంకటి వాళ్ల వైపు రాలేదు. తిన్నగా బట్టల మూటల దగ్గరికి వచ్చి రాజలింగు చెయ్యి పట్టుకున్నాడు.

“నడువ్.”

“యాడికి అన్నా?”

“నడువ్ అంటున్న గద.”

లాక్కుపోయి టెంటు ముందు నిలబెట్టాడు. నేనూ వెనకాలే పరిగెత్తాను.

“సార్, మా స్టాపర్ వీడు. జరం లేదు గిరం లేదు. నాకు ఆశ పుట్టి వీని జాగల నేను నిలవడ్డ. తప్పు నాది. మీ పొట్టోన్ని పిలువుర్రి, బంతి తోటి వీన్ని దాటుమనుర్రి.”

ఆఫీసరు దొర కోసం చుట్టూ చూశాడు. దొర బంతుల సంచి మూతి కడుతూ ఇటు తిరగలేదు.

“ఇతనేనా రాజలింగు? రాలేదని చెప్పారే?” అన్నాడు ఆఫీసరు. ఆయన గొంతులో మెత్తదనం పోయింది. పొట్టి ఫార్వర్డును పిలిచాడు.

వెంకటి బూట్లు విప్పబోతే రాజలింగు వద్దన్నాడు. పైజామా మోకాళ్ల దాకా మడిచి, ఉత్త కాళ్లతో నిలబడ్డాడు. మొదటిసారి పొట్టివాడు ఎడమకు చూపించి కుడికి పోయాడు, రాజలింగు బంతి తన్నేశాడు. రెండోసారి పొట్టివాడు దాటిపోయాడు. మూడోసారి రాజలింగు వాడి కాలు తగలకుండా బంతి ఒక్కటే లాక్కుని, తల ఎత్తి, ఎవరికి ఇవ్వాలా అన్నట్టు చుట్టూ చూశాడు. అక్కడ ఇవ్వడానికి ఎవరూ లేరు. గని కూలీలు కొందరు చుట్టూ చేరి ఈలలు వేశారు.

“ఈ రాత్రికి ఇక్కడే ఉండు. పొద్దున ఆఫీసుకు రా,” అన్నాడు ఆఫీసరు.

రాజలింగు వెంకటి కాళ్లకు వంగబోయాడు. వెంకటి తోసేశాడు.

“మీ అవ్వకు నేను చెప్త. నువ్వు మంచిగ తిను ముందు.”

సాయంత్రం బండిలో తిరుగు ప్రయాణం. స్టేషనులో బూట్లు రాజలింగు చేతికిచ్చి వెంకటి రైలెక్కాడు. నేను అతని పక్కన కూర్చున్నాను. తడి తువ్వాల మోకాలికి కట్టుకున్నాడు. మందమర్రి కూడా రాకముందే మావాళ్లు మొదలుపెట్టారు. నేను చెబుతున్నది అబద్ధమనుకుంటారు గాని, ఒక్క మాట కల్పించలేదు.

“రాజలింగు ఉండుంటే గా పొట్టోడు బంతి ముడుతుండెనా?” అన్నాడు ఒకడు.

“కాసీం గూడ రాజలింగు ముంగట ఎంత?” అన్నాడు ఇంకొకడు. “గసొంటి స్టాపర్ మన జిల్లల పుట్టలే.”

“గీ వెంకటిగాన్ని ఎవడు నిలవెట్టిండురా అసలు?” అన్నాడు కిషన్‌రావు దొర. పొద్దున ప్రతిపాదించిన నోటితోనే అన్నాడు. “నిలవడుడు గాదు ఆటంటే. ఉరకాలె.”

నా రక్తం తలకెక్కింది. లేచి, పొద్దున చేతులెత్తినవాళ్లను ఒక్కొక్కరినీ వేలు పెట్టి చూపించబోయాను. వెంకటి నా చొక్కా పట్టి కూర్చోబెట్టాడు.

“ఊకో సత్తన్నా. రాజలింగు పాత స్టాపర్ అయిండు. ఇగ వాన్ని ఎవ్వడు తిట్టడు.”

నాకు నవ్వు రాలేదు. వెంకటి కళ్లు మూసుకుని, కాలు నా ఒళ్లోకి చాపాడు. అటు మూల దొర, వచ్చే ఆదివారం స్టాపర్ ఎవరని అందరినీ అడుగుతున్నాడు.