మాడిసన్‌లో అత్తయ్య ప్రదక్షిణ

మా మేనత్త పోయి తొమ్మిది రోజులయింది. బహ్రెయిన్ వచ్చినప్పటి నుంచి బుసైతీన్‌లో మా పక్క వీధిలోనే ఉండేది. పాతికేళ్ళపైగా స్కూల్లో కెమిస్ట్రీ చెప్పింది. అమెరికాలో వచ్చిన ఎమ్మెస్ సీటు నాకొద్దని మూడో రోజున ఇంట్లో చెప్పాను. "దిగులు మీద ఏదో అంటోంది. పదకొండో రోజు వెళ్తే అదే సర్దుకుంటుంది లెండి" అని అమ్మ నా ఎదుటే నాన్నతో అంది. మా ఇంట్లో నేను వద్దంటే అది అభిప్రాయం కాదు, జ్వరం. తగ్గేదాకా చూస్తారు.

ఒప్పుకునే ముందు ఊరు చూసి రావాలని పట్టుబట్టింది అత్తయ్యే. నాన్నకు సెలవు దొరక్కపోతే తనే వెంట వచ్చింది. విస్కాన్సిన్ రాష్ట్ర రాజధాని మాడిసన్‌లో ఒక శనివారమంతా తిరిగాం.

అత్తయ్యకు మొహమాటపు మెప్పు చేతకాదు. పెళ్ళిభోజనం బాగోకపోతే పెళ్ళివారితోనే చెప్పేది. అక్కడి అసెంబ్లీ భవనం గుమ్మటం మీద ఒక బంగారు స్త్రీమూర్తి ఉంది. ఆమె శిరస్త్రాణం మీద బ్యాడ్జర్ అనే జంతువు ఉంటుందని, అది తమ రాష్ట్రానికి గర్వకారణమని గైడ్ చెప్పాడు. "ఆడమనిషి నెత్తిన పందికొక్కునెక్కించి గర్వమంటాడేమిటే?" అంది అత్తయ్య, అతని వైపే మర్యాదగా తలూపుతూ.

బయట భవనం చుట్టూ సంత. రుచి చూడమని చీజ్ ముక్కలిచ్చారు. పళ్ళ కింద కీచుమంటే తాజాదన్నమాటట. "కొత్త చెప్పులూ కీచుమంటాయి" అంది నములుతూ.

జనమంతా భవనాన్ని ఎడమచేతి వైపు ఉంచుకుని ఒకే దిక్కుగా తిరుగుతున్నారు. అత్తయ్య గుడిలోలాగా కుడిచేతి వైపు ఉంచుకుని బయల్దేరింది. ఒకావిడ తియ్యగా నవ్వి, అందరూ అటు నడుస్తారని చెప్పింది. "అపసవ్యంగా తిరగడానికి వీళ్ళింట్లో ఎవరు పోయారు?" అని నాతో తెలుగులో అని, ఆవిడకు థాంక్యూ చెప్పి, జనానికి ఎదురుగానే నడిచింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆమె ఎవరో తెలియనట్టు జనంతో కలిసి రెండో వైపు పోయాను.

నా చుట్టూ అడుగడుక్కీ సారీలు, నవ్వులు. ఏ నవ్వూ ఏ మొహానికీ చెందినట్టు లేదు. పొద్దున క్యాంపస్ చూపించిన వాళ్ళదీ అదే నవ్వు. వాళ్ళతో పాటు నేనూ దాన్నే తగిలించుకుని తిరుగుతున్నానని అప్పుడు తెలిసింది.

అవతలి మూల ఇద్దరం ఎదురుపడ్డాం.

"ఎలా ఉందే ఊరు?"

"బాగానే ఉంది అత్తయ్యా. శుభ్రంగా ఉంది, రెండు సరస్సులున్నాయి, ర్యాంకు కూడా..."

"ఇల్లు చూపించే బ్రోకర్‌లా మాట్లాడకు. నచ్చిందా?"

నేను మళ్ళీ ర్యాంకు సంగతే ఎత్తబోయాను.

"నచ్చకపోతే నచ్చలేదను. కారణాలు పోగెయ్యకు. ఖలాస్" అని నన్నక్కడే వదిలేసి, తన చుట్టు పూర్తి చేయడానికి వెళ్ళిపోయింది. పూలగుత్తులు పట్టుకుని ఎదురొచ్చే జనం ఆమెకు అటూ ఇటూ తప్పుకుంటున్నారు.

నచ్చిందా అని నన్నడిగిన మనిషి ఆమె ఒక్కతే. తిరిగొచ్చాక ఆ మాట తను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నేనే చెప్పాలని ఊరుకుంది. ఆమె ఉండగా నేను చెప్పలేదు.

గడువు ఈ వారంతో ముగుస్తుంది. నాన్న ఇంకా నా జ్వరం తగ్గడం కోసం చూస్తున్నాడు. నిన్న మధ్యాహ్నం యూనివర్సిటీకి రానని రాసేశాను. ఆ ఊరు నాకు నచ్చలేదు.