తిరుచానూరు లాడ్జిలో ఆటపెట్టె

ఆదివారం మధ్యాహ్నం మా మనవడు ఆడీ ఆడీ వీడియోగేముల ఆటపెట్టెను ఆపేశాక, దాని వెనకనుంచి వేడెక్కిన ప్లాస్టిక్ వాసన, కొంచెం దుమ్ము కాలినట్టుగా, హాలంతా పరుచుకుంటుంది. ఇదీ కంప్యూటరేనని వాడు, కంప్యూటరంటే పని చేసుకునేదనీ ఇది ఆడుకునేదనీ వాళ్ళ నాన్న వాదించుకుంటుంటే నేను ఎవరి వైపూ మాట్లాడను. ఆ వాసనకు నా మనసు తిరుచానూరులో నాయన నడిపిన చిన్న లాడ్జికి వెళ్ళిపోయి ఉంటుంది.

ఆ లాడ్జి ముందు గదే మాకు ఇల్లూ, ఆఫీసూ. కార్తీకమాసంలో అమ్మవారి పంచమి తీర్థానికి జనం దిగారంటే, ముసురుకు ఆరని చీరలు వరండా పొడవునా వేలాడుతూ, మెట్ల దగ్గర పూలమ్మే ఆడవాళ్ళ బుట్టల్లోంచి కనకాంబరాలు, మరువం తడిసిన వాసన లోపలికి వస్తూ, వంటింట్లో అమ్మ అలసంద వడలు తీస్తూ, వాటిని ఒడిలో దాచుకుని మేం పిల్లలం అచ్చనగాయలు ఆడుతూ, ఇల్లు ఇల్లులా ఉండేది కాదు. రైల్వే గైడు చేతిలో పట్టుకుని, ఏ ఊరివాళ్ళు వచ్చినా ఆ ఊరికి బండి ఎన్నింటికో అడక్కుండానే చెప్పడం నాయనకు సరదా.

ఒక ఏడు పంచమి తీర్థానికి కొంచెం ముందు మా మామ మద్రాసు నుంచి నల్లటి పెట్టె ఒకటి తెచ్చాడు. దానికి రెండు పిడులు, పైన ఆట బిళ్ళ పెట్టే సందు. నలుపు తెలుపు టీవీకి తగిలిస్తే పైనుంచి పురుగులు బారులు తీరి దిగేవి, మేం కిందనుంచి కాల్చేవాళ్ళం; కాసేపటికి అదీ ఇలాగే వేడెక్కి వాసన వచ్చేది. మామ దాన్ని పిల్లలాట అన్నాడు. తిరుపతిలో డిగ్రీ చదువుతున్న మా అక్క సరళ, లోపల లెక్క చేసే బుర్ర ఉంది కాబట్టి కంప్యూటరే అంది. నాయనకు అక్క మాటే నచ్చింది. "మా ఇంట్లో కంప్యూటర్ ఉండాది" అని వీధి మొత్తానికీ చెప్పుకొచ్చాడు.

కంప్యూటర్ జాతకాలంటే జనం విరగబడుతున్న రోజులవి. పంచమి ముందురోజు మునస్వామి అనే రైతు సత్యవేడు దగ్గరి పల్లె నుంచి కూతురు రత్నను వెంటబెట్టుకుని వచ్చి, చెప్పులు బయట విడిచి, ఆ పిల్లదీ, చూసిన పెళ్ళికొడుకుదీ రెండు జాతకాలు మా బల్లమీద పరిచాడు.

"పుత్తూరులో ఒకాయన కుదరదంటాడు, నాగలాపురంలో ఇంకొకాయన దివ్యంగా ఉండాదంటాడు. మిషనైతే ఒకే మాట సెప్తాది గదప్పా. కొంచెం సూపించు."

గదిలో ఉన్న యాత్రికులంతా తలలు తిప్పారు. నాయన అనుకుంటే ఏ పిడో కదిపి, తెర మెరిపించి, కుదిరిందనో కుదరలేదనో చెప్పి పంపేయగలడు; వాళ్ళు నమ్మి, దండం పెట్టి వెళ్ళేవాళ్ళు. వంటింటి గడపలో అమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నాయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"నేను గొప్పకు సెప్పుకున్నానప్పా. నాకు దాని సంగతి తెల్దు. మా పెద్దమ్మి సదువుకుంటా ఉండాది, దాన్ని అడుగుదాం."

అక్క వచ్చి నేలమీద కూర్చుని మునస్వామికి పెట్టెను చూపించింది. "జాతకం సెప్పదు మామా ఇది."

"అట్లయితే కంప్యూటర్ కాదా?" అన్నాడాయన.

"కంప్యూటరే. లోపల బుర్ర ఉండాది. ఆట తప్ప దానికి ఇంగేమీ నేర్పలేదు, అంతే."

అంతవరకూ నోరు విప్పని రత్న, పెట్టెను చూస్తూనే మెల్లగా అంది: "నా మాదిరే గదక్కా. నాకూ వంట తప్ప ఏమీ నేర్పలా."

బడి దూరమని ఏడో తరగతితో మాన్పించారట. అక్క ఒక పిడి ఆ పిల్ల చేతికిచ్చింది, రెండోది నాకిచ్చింది. మొదటి ఆట నేను గెలిచాను, రెండోది కూడా. మూడోదానికి రత్న పురుగులు ఏ వైపు తిరుగుతాయో ముందే కనిపెట్టి, నన్ను ఓడించి, నోటికి పైట అడ్డం పెట్టుకుని నవ్వింది. మునస్వామి బల్లమీది జాతకాలు మడిచి పక్కన పెట్టి, కూతురి ఆటనే చూస్తూ కూర్చున్నాడు. అమ్మ ఇచ్చిన కాఫీ చల్లారిపోయింది.

"ఇప్పుడు నేర్పితే వస్తాదా?" అని అడిగాడు అక్కను, చివరికి.

పెట్టె గురించా, పిల్ల గురించా అని అక్క అడగలేదు. "వస్తాది మామా" అంది.

ఎండాకాలం దాటగానే ఆయన రత్నను ట్రంకుపెట్టెతో సహా తెచ్చి మా అమ్మకు అప్పజెప్పాడు. లాడ్జి మేడమీది గదిలో అక్క దగ్గర చదివి ప్రైవేటుగా పది కట్టింది, ఇంగ్లీషులో ఒకసారి తప్పి మళ్ళీ రాసింది, ఆపైన టీచరు ట్రైనింగు అయ్యి సొంత మండలంలోనే పంతులమ్మ అయింది. పెళ్ళి ఆ తర్వాతెప్పుడో, తనకు నచ్చినవాడితో జరిగింది. మా అక్కకు తోబుట్టువు నేనొక్కదాన్నే అనుకుంటే, ఇద్దరమయ్యాం.

ఆటపెట్టె ఒక వానాకాలం పిడుగు పడ్డప్పుడు టీవీతోపాటే మాడిపోయింది. నాయన పోయి చాలా ఏళ్ళయింది. లాడ్జి ఉన్నచోట ఇప్పుడు నాలుగంతస్తుల హోటలు. వచ్చినవాళ్ళు అద్దాల బల్ల ముందు నిలబడి తాళంచెవి తీసుకుని లిఫ్టు ఎక్కిపోతారు, ఎవరి దిగులూ ఎవరికీ వినపడదు. ముక్కూ మొహం తెలియని మనిషి చెప్పులు విడిచి వచ్చి, బిడ్డ సంగతి చెప్పుకుని, మనసు మార్చుకుని వెళ్ళిన గది ఒకటి ఆ ఊళ్ళో ఉండేది. అది మా ఇల్లు కావడం నా అదృష్టం.